భానుమతికి గుణం కనిపించింది

2004 ఫిబ్రవరి పన్నెండున పొద్దున్నే పెసరట్లు తిని, విశ్వనాథంగారు భార్య భానుమతిని అమలాపురం తీసుకెళ్లేరు. అక్కడి మానసిక వైద్యుడు పాత మందు మాన్పించి, ఆమె మీద కొత్త మందు పరీక్షిస్తున్నాడు.

"చెవుల్లో గొంతులు తగ్గేయా అమ్మా?"

"ఆయ్, తగ్గేయండీ." ఉచితంగా మందిచ్చే పెద్దమనిషి ఎదురుగా లేదనడం ఆమెకు చేతకాదు.

"మొహమాటానికి అంటోందండీ," అన్నారు విశ్వనాథంగారు. "చచ్చిపొమ్మంటున్నాయని రాత్రంతా ఏడ్చింది. పాత మందే ఇప్పించండి."

డాక్టరు నవ్వేడు. "మందు మింగేది ఆవిడా, మీరా మాస్టారూ? ఈ మందు కంపెనీవాళ్లకి కావలసింది ఆవిడ మాటేనండి." గుణం కనిపించిందని రాసుకున్నాడు.

బస్సులో భానుమతి అడిగింది. "డాక్టరుగారు నొచ్చుకోలేదు కదండీ?"

"లేదు, సంతోషించేరు."

ఆ రాత్రి ఆమె చెవుల్లో దూది కుక్కుకుని పడుకుంది. విశ్వనాథంగారు కత్తిపీట పక్కింట్లో ఇచ్చి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసేరు.