చెంపతో చూసిన వేడి

ఇస్త్రీపెట్టెను కుడిచెంప దాకా ఎత్తి, తగలకుండా ఆపి, వేడి సరిపోయిందని తేల్చుకుని ఆమె దాన్ని చొక్కా కాలరు మీద దించింది. వేడి తగ్గించే బిళ్ళ ఏనాడో ఊడిపోయింది. లాండ్రీ యజమాని కొత్త పెట్టె కొనడు. ఎందుకు కొంటాడు? ఊరికే దొరికే చెంప ఒకటి ఉంది కదా! అత్తగారు నేర్పిన పద్ధతి అది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలాగే చూస్తోంది.

లాండ్రీ వెనకగదికి కిటికీ లేదు. ఆవిరి పైకప్పుకు తగిలి, చుక్కలై మళ్ళీ ఆమె మెడ మీదే పడుతుంది. అందుకే అందరికీ ఆవిరక్క అయింది. ముఖం నిండా మంగు. నుదుటి మీద పలచగా ఉండి, ముక్కు మీదుగా బుగ్గలకు పాకి, కుడివైపున మాత్రం మాడిన గిన్నె అడుగులా ముదిరింది. రెండో కానుపప్పుడు మొదలైంది. బిడ్డ పుట్టాక పోతుందన్నారు. బిడ్డకు మీసాలొచ్చాయి, మంగు పోలేదు.

మందులషాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే ముఖం ఇట్టే తెల్లబడింది. కొన్నాళ్ళు దారిలో కనబడ్డ ప్రతి అద్దంలోనూ చూసుకుంది. మానేయగానే మంగు రెట్టింపై తిరిగొచ్చింది. చర్మం పలచబడి ఒకటే మంట. పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఆ ట్యూబు తీసి చెత్తబుట్టలో పడేసింది.

"ఇది మురికి కాదు, అంటుకునేదీ కాదు. రుద్దకు. నేను రాసిచ్చింది పూసుకో, మెల్లగా పలచబడుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. ఎండా, వేడీ మాత్రం ముఖానికి తగలనివ్వకు. ఇంతకీ ఏం పని చేస్తావమ్మా?"

"ఇస్త్రీ అండీ."

డాక్టరమ్మ కలం మూసేసింది. దానికి మందు ఆమె దగ్గరా లేదు. ఎండకు మాత్రం ఆవిరక్క ఆ రోజే ఒక నల్లగొడుగు కొనుక్కుంది.

ఉన్నది ఒక్కటే దారి. ముందుగదిలో కౌంటరు. అక్కడ ఫ్యానుంది, కుర్చీ ఉంది. అందులో కూర్చునే ముసలాయన మానేశాడు. ఆ కుర్చీ తనకివ్వమని ఆమె యజమానిని అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇన్నాళ్ళూ ఆవిరిలో నిలబడింది.

ఇవాళ మడతలు పెట్టిన బట్టలు ముందుగదికి తెచ్చేసరికి కుర్చీలో ఎవరో కొత్తమ్మాయి.

"అయ్యా, అది నాకిస్తానన్నారు."

"ఇస్తానన్నానా? చూద్దామన్నాను." యజమాని గొంతు తగ్గించాడు. "నీ పనికి వంక పెట్టలేను, ఆవిరక్కా. కానీ వచ్చేవాళ్ళు ముఖం చూస్తారు. మచ్చలు పోగొట్టే షాపులో ఈ మచ్చలేంటి అనుకోరూ? ముందు అది తగ్గించుకో, కుర్చీ నీదే."

"వేడికి దూరంగా కూర్చుంటేనే తగ్గుతుందన్నారయ్యా."

"తగ్గాక కూర్చోమనేగా నేనూ అంటున్నది!"

బట్టలుతికే ఆడబిడ్డ తొట్టి దగ్గర నుంచి అంతా విన్నది. "బాగుందొదినా వరస! కడుపు నిండితేనే అన్నం పెడతాడట."

ఆవిరక్క నవ్వలేదు. వెనకగదికి వచ్చి తెల్లచొక్కా ఒకటి బల్ల మీద పరిచింది. చెయ్యి దానంతటదే పెట్టెను చెంప వైపు ఎత్తింది. సగంలో ఆపేసింది. ఈ ఒక్కసారికి చూడనని తిన్నగా దించింది.

కాలిన వాసన గది దాటి ముందుగదికి పోయింది. యజమాని పరుగెత్తుకొచ్చాడు. చొక్కా జేబు మీద గోధుమరంగు మరక.

"వేడి చూసుకోవద్దూ? కళ్ళెక్కడ పెట్టావ్?"

"కళ్ళతో ఎన్నడు చూశానయ్యా!"

అతనికి అర్థం కాలేదు. తిట్టి వెళ్ళిపోయాడు. మిగిలిన చొక్కాలన్నిటికీ ఆమె పెట్టెను మళ్ళీ చెంప దాకా ఎత్తింది. ఒక్కటీ కాలలేదు. ఆఖరిది మడిచి, స్విచ్చి తీసేసి, కొంగుతో మెడ తుడుచుకుంది.

"రేపట్నించి నాకోసం చూడకే."

"అయ్యో, మరి ఎక్కడికి పోతావొదినా?"

"వేడి లేని పనెక్కడుందో నీకు తెలిస్తే చెప్పు, అక్కడికే పోతా."

ఆడబిడ్డ తడిచేతులతో గుమ్మం దాకా వచ్చింది. ఆవిరక్క వెనకతలుపు తీసుకుని, మండే ఎండలోకి దిగి, సందు మలుపు తిరిగి పోయింది. తలుపు పక్కన మేకుకు ఆమె నల్లగొడుగు, కట్టిన నాడా కట్టినట్టే వేలాడుతోంది.