నూజెండ్ల వైపు కవర్లు

సుబ్బరత్నానికి తోడికోడలంటే కడుపుమంట. ఆ మాట పైకి ఒప్పుకోదు గానీ, వర్షిణి ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు. వర్షిణి కాచిన పప్పుచారు బాగుందని అత్తగారు రాఘవమ్మ మారు పోయించుకుంటే మంట. వర్షిణి జడ పొడుగని పక్కింటావిడ అంటే మంట. అన్నిటికన్నా పెద్ద మంట, ఆ పిల్ల డిగ్రీలో కంప్యూటర్లు చదువుకుని రావడం.

ఎందుకంటే నరసరావుపేటలోని ఆ ఇంట్లో కంప్యూటరు సుబ్బరత్నం సొత్తు. భర్త యల్లమంద, మరిది రాజీవ్ పురుగుమందుల కొట్టు చూసుకుంటారు. ఇంటి జమాఖర్చులన్నీ ఈమెవే. పాల డబ్బుల దగ్గర్నుంచి చీటీ పాటల దాకా ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంది. పదో తరగతితో చదువాపేసిన మనిషి తనంతట తానే నేర్చుకుంది. ఏ లెక్క కావాలన్నా అన్నదమ్ములిద్దరూ వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడాల్సిందే. వాళ్ళట్లా నిలబడితే ఆమెకు పండగ.

అలాంటి సాఫ్ట్‌వేర్ ఈమధ్య మొరాయిస్తోంది. నొక్కితే ఒక గుండ్రం తిరుగుతూ ఉంటుంది. అది తిరిగి తిరిగి తెరుచుకునేలోపు పొయ్యి మీద అన్నం కూడా అయిపోతుంది. కొత్త కోడలు వచ్చిన వేళ ఎట్లాంటిదో గానీ మిషను కూడా మొండికేసిందని సుబ్బరత్నం అత్తగారి చెవిన వేసింది.

వేళ సంగతి పక్కనపెడితే, జబ్బు మొదలైంది మాత్రం అప్పుడే. పెళ్ళయ్యాక పేటలో పెట్టిన రిసెప్షన్‌కు వర్షిణి పుట్టింటివాళ్ళు నూజెండ్ల నుంచి వచ్చి కవర్లు చదివించారు. ఎవరెంత ఇచ్చారో రాసిపెట్టుకోవడం, రేపు వాళ్ళింట్లో శుభకార్యమైతే దానిపైన కొంత వేసి తిరిగి చదివించడం అందరూ చేసేదే. సుబ్బరత్నం అక్కడితో ఆగితే కదా. నూజెండ్ల వైపు నుంచి వచ్చిన ప్రతి కవరునీ ముందూ వెనకా ఫోనుతో ఫొటోలు తీసి, ఒక్కో పద్దుకూ తగిలించింది. కింద తన వ్యాఖ్యానం. ‘నా రిసెప్షన్‌కు మా బాబాయి ఐదువేల నూటపదహార్లు, వీళ్ళ పెదనాన్న నూటపదహార్లు.’ ‘కవరు చూస్తే పెళ్ళికూతురంత, లోపల ఏముంది?’ ఆమెది చిలకలూరిపేట, బంధువులంతా స్పిన్నింగు మిల్లులవాళ్ళు. అత్తగారు ఎప్పుడైనా వర్షిణిని మరీ నెత్తికెక్కించుకుంటే సాక్ష్యాలతో సహా చూపించాలని ఆమె ఆశ.

ఆదివారం పొద్దున్నే రాజుపాలెంలో శివరామయ్య గారి గృహప్రవేశం. వర్షిణి రిసెప్షన్‌కు ఆయన ఎంత చదివించాడో చూసి కవరులో పెట్టాలి. కారు గుమ్మంలో ఉంది, అందరూ ముస్తాబై నిలబడ్డారు, గుండ్రం తిరుగుతోంది. యల్లమందకు ఓపిక చచ్చింది. ఏదో ఒక అంకె వేసుకుని కవరు అంటించేశాడు.

“వర్షిణీ, నువ్వు ఇంటికాడ ఉండి దాని సంగతేందో చూడమ్మా. మీ అక్కతో అయ్యేట్టు లేదు.”

సుబ్బరత్నానికి కవర్ల కింది రాతలు గుర్తొచ్చాయి. ఆ రాతలు వర్షిణి కంటపడితే సాయంత్రానికి రాజీవ్‌కు తెలుస్తాయి, అతన్నుంచి అన్నకు. తెల్లారేసరికి ఆ కుర్చీ వర్షిణిదే. తలనొప్పిగా ఉందని చెప్పి తనూ ఆగిపోయింది.

కారు వెళ్ళిపోయింది. వర్షిణి కుర్చీలో కూర్చుంది. కంప్యూటరు లేవడంతోనే తమంతట తామే లేచి కూర్చునే పనికిమాలిన ప్రోగ్రాములన్నీ ఆపేసింది. సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా నెట్‌లో కొత్తవి వెతకడం మాన్పించింది. మొత్తం ఆపి మళ్ళీ ఆన్ చేసింది. దేనికీ లొంగలేదు. ఒక్కో ప్రయత్నం తప్పినప్పుడల్లా సుబ్బరత్నానికి తలనొప్పి తగ్గుతూ వచ్చింది. ఇంత చదువు చదివి ఏం లాభమని లోపల్లోపల నవ్వుకుంది కూడా.

వర్షిణి చివరికి ఫైలు ఎంతుందో చూసింది. ఇంటి లెక్కల ఫైలు ఒక సినిమా అంత ఉంది.

“అక్కా, దీంట్లో ఫొటోలేమన్నా పెట్టావా?”

“నేనేం పెడతాను? నీకు రాకపోతే రాదని చెప్పు, బజారులో చూపిస్తాం.”

వర్షిణి గుండ్రం ఆగేదాకా కూర్చుంది. ఫైలు తెరుచుకుంది. బరువంతా ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి చదివింపుల దగ్గర ఆగింది. వాళ్ళ పెదనాన్న కవరు వచ్చింది, కింద రాత వచ్చింది. ఆ తర్వాతది చదివింది. దాని తర్వాతది కూడా చదివింది. ఇప్పుడు కుర్చీ వెనక నిలబడ్డది సుబ్బరత్నం. ఏడుస్తుందనుకుంది, అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది, తిరిగి అరవొచ్చు.

వర్షిణి లేచి కుర్చీ వెనక్కి జరిపింది.

“కూర్చో అక్కా. ఇవి తీసేస్తే తొందరగా తెరుచుకుంటది. ఒక్కొక్కటే తీయాల. పెట్టిన చేత్తో నువ్వే తియ్యి.”

“మీ బావగారు అడిగితే ఏం చెప్తావ్?”

“ఫొటోలు ఎక్కువయినాయని చెప్తా.”

సుబ్బరత్నం కూర్చుంది. వర్షిణి స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ఊరుకుంటే సరిపోయేది, ఊరుకోలేదు. ఒక్కో కవరు తెర మీదికి రాగానే అదెవరిదో చెప్పడం మొదలుపెట్టింది. ఈ నూటపదహార్లు పెదనాన్న వెంకటప్పయ్యవి. ఈ ఏడు మిరప చేనంతా పురుగు తినేసింది. అయినా వినుకొండ దాకా ఆటోలో వచ్చి, అక్కణ్ణుంచి బస్సులో నిలబడి వచ్చాడు. ఈ కవరు చిన్నారత్తది. మోకాళ్ళ నొప్పులతో స్టేజీ ఎక్కలేక కవరు పైకి పంపించి, వర్షిణి దిగి వచ్చి చెయ్యి పట్టుకునేదాకా అన్నానికి లేవలేదు.

ఇదంతా నాకెందుకని సుబ్బరత్నం మొదట పళ్ళు కొరుక్కుంది. మౌసు నొక్కుతూ పోయింది. నొక్కుతున్నకొద్దీ ఆ రోజు హాలు కళ్ళముందుకు వచ్చింది. నూజెండ్ల వాళ్ళు కుర్చీలు చాలక గోడలవెంట నిలబడ్డారు. తన రిసెప్షన్‌లో పుట్టింటి వైపు కుర్చీలు ఖాళీగా కనపడుతుంటే, అత్తగారు తమవాళ్ళనే లేపి అటు కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళూ పడ్డ ఏడుపు ఒక ఎత్తు, ఇప్పుడు పుట్టింది ఒక ఎత్తు. జడకూ పప్పుచారుకూ అంత కుళ్ళుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది. అసలు కుళ్ళుకోవాల్సింది ఇక్కడ.

చివరి ఫొటో పోయింది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ నొక్కితే, మౌసు మీది చెయ్యి తీసేలోపే తెరుచుకుంది. వర్షిణి లేస్తూ ఆగింది.

“ఐదువేలు చదివించిన మీ బాబాయిని నేనెప్పుడూ చూళ్ళేదక్కా. నీ రిసెప్షన్‌కు వచ్చాడా?”

సుబ్బరత్నం తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

“రాలేదు. మిల్లు గుమాస్తాతో కవరు పంపాడు.”