ముత్యం పేరున మొక్కు

"ముత్యం అన్నం తినిందా?"

వేట నుంచి వచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ మా ఆయన అడిగే మొదటి మాట అది. ముత్యం మా ఇంట్లో కుక్క కాదు. మా వీధి కుక్క కూడా కాదు. సాయంత్రం టీవీ సీరియల్లో వచ్చే తెల్ల కుక్క. దాన్ని పెంచినామె కథలో చచ్చిపోయింది. అప్పటినుంచి అది ఆమె ఫొటో కింద పడుకుని గిన్నె ముట్టడం లేదు. పులికాట్ సరస్సు మీద గాలి ఎదురైన రోజు పడవ ఆలస్యంగా ఒడ్డుకు వస్తుంది, మా ఆయన జయకుమార్‌కి సీరియల్ తప్పిపోతుంది. అందుకని వస్తూనే కనుక్కుంటాడు. "వాసన కూడా చూళ్ళా నాయనా," అని మా అత్త కామమ్మ లోపలినుంచి చెప్పింది. నేను పులుసు దించి అన్నం వడ్డించాను. వాళ్ళు తిన్నారు, మా అమ్మాయి వినీల తిన్నది. అడుగున మిగిలినది నేను తిన్నానో లేదో ఆ ఇంట్లో ఒక్క ప్రాణికీ తెలియదు.

కుక్క మీద కుళ్ళేమిటి అని మీరు నవ్వుతారు. నవ్వండి. ఒకరోజు వినీల ఫోనులో ఆ సీరియల్ షూటింగ్ వీడియో చూపించింది. ముత్యం నడిచి వస్తుంటే వెనకాలే ఒకడు గొడుగు పట్టుకుని వస్తున్నాడు. ఇంకొకడు గిన్నెలో నీళ్ళు తెచ్చి మూతి దగ్గర పెట్టాడు. అది నాలుక బయటపెట్టేసరికి ఎవరో "అలిసిపోయింది, ఆపండి" అన్నారు. అందరూ ఆపేశారు. సీరియల్ మొదలయ్యే ముందు కూడా అక్షరాలు పడతాయి, ఇందులో ఏ జంతువునూ బాధ పెట్టలేదని. ఆ మాట చదివినప్పుడల్లా నేను నా చేతులు చూసుకుంటాను. పొద్దుటినుంచీ రొయ్యల షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసి తీసి, గోళ్ళ చుట్టూ తోలు తెల్లగా నాని ఉబ్బిపోయి ఉంటుంది. ఇంటికొచ్చి అదే చేతులతో కారం నూరాలి. నా వెనక గొడుగు వద్దు. అలిసిపోయింది అన్న ఆ ఒక్క మాట ఎవరైనా అంటే చాలనిపిస్తుంది. వినీల ఫోనులోనూ ఒక కుక్కపిల్ల ఉంది, ఆటలో. ఆకలేస్తే దాని నెత్తి మీద గీత ఎర్రబడుతుంది. నీళ్ళు పట్టమంటే, "ఆగమ్మా, గీత ఎర్రబడింది, దీనికి ఫస్ట్ అన్నం పెట్టాల," అంటుంది. నా బిడ్డ మంచిదే. నా నెత్తి మీద గీత లేదు, అంతే.

గీత ఉంటే ఈ మధ్య ఎర్రబడే ఉండేది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము మీద, చంక వైపుగా, చేతికి గట్టిగా తగిలింది. చింతగింజంత. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు ఎక్కువ భయం. నేను మామూలుగానే భయస్తురాలిని. వినీల బడి నుంచి కాస్త ఆలస్యమైతే హైవే మీద లారీలన్నీ నా కళ్ళ ముందు తిరుగుతాయి. గాలి మారితే పడవ బోల్తా పడినట్టే లెక్క. ఇక గడ్డ తగిలితే చెప్పాలా. ఆ పూట పొయ్యి ముందు కూర్చునే నా దినాలు కూడా చేసేశాను. వినీలకు జడ ఎవరు వేస్తారు, పెద్దమనిషి అయినప్పుడు ఎవరు కూర్చోబెడతారు అని తలుచుకుంటుంటే అన్నం మాడింది. మాడిన వాసన మాత్రం మా అత్తకు వెంటనే తెలిసింది.

మా ఆయనకు చెప్పాను. వల బాగు చేసుకుంటున్నాడు. కన్ను కన్నుకీ మధ్య దారం దూరుస్తూ తల ఎత్తలేదు. "ఆడోళ్ళ సంగతులు నాకేం తెలుస్తాయిమే? అమ్మకి చెప్పు," అన్నాడు. అమ్మకి చెప్పాను. "పాలగడ్డ అయ్యుంటాది. పసుపు ముద్ద పెట్టి కట్టు," అన్నది. వినీల ఎనిమిదో తరగతి చదువుతోంది. పాలెక్కడివి అని నేను అడగలేదు. పసుపు ముద్ద పెట్టి కట్టాను. జాకెట్లన్నీ పసుపు మరకలయ్యాయి, గడ్డ అట్లాగే ఉంది.

షెడ్డులో నా పక్కన నిలబడి రొయ్యలు ఒలిచే ఎలిశబెతు ఆ మరక చూసి అడిగింది. ఆమె అక్క ఇట్లాగే దాచుకుని దాచుకుని పోయిందట. "నెల్లూరు పెద్దాసుపత్రికి పో ఉషక్కా. పొద్దున్నే ఏమీ తినకుండా పోవాల, రక్తం తీస్తారు. ఆధార్ కార్డు తీసకపో," అని చెప్పింది. సూపర్‌వైజర్ రంగనాయకులును సెలవు అడిగితే, ఒంట్లో బాగాలేదన్న ఆడవాళ్ళకల్లా సెలవిస్తే రొయ్యలు వాటంతట అవే ఒలుచుకుంటాయా అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆ శనివారమే సీరియల్లో ముత్యాన్ని కారు గుద్దింది. పసిబిడ్డను రోడ్డు మీద నుంచి నోటితో లాగబోయి తను పడిపోయింది. సోమవారం దాకా ఏమవుతుందో చెప్పరు. మా ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నా పెళ్ళినాటి నుంచీ నేను చూసిన ఆయన కన్నీళ్ళు అవే. "కట్టు గట్టిగా కట్టలా, చీము పడతాది. ముందు ఎక్స్‌రే తీపియ్యబళ్ళా," అని టీవీలో డాక్టరును తిట్టాడు. ఆడోళ్ళ సంగతులు తెలియని మనిషికి కుక్క సంగతులన్నీ తెలుసు. ఆ కుక్క చస్తే బాగుండు అనుకున్నాను నేను. గోడకి ఆనుకుని నిలబడి, చేతిలో అన్నం గరిటెతో, నిండు మనసుతో అనుకున్నాను.

మా అత్త మాత్రం లేచి వెళ్ళి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి దూలానికి వేలాడదీసింది. ముత్యం బతికితే పోలేరమ్మకు పొంగలి పెడతానని మొక్కింది. సోమవారం ముత్యం లేచి తోక ఊపింది. లేవదా మరి, సీరియల్ దాని మీదే నడుస్తుంటే.

మా పక్క మొక్కు ఎవరు మొక్కినా తీర్చేది ఆ ఇంటి కోడలే. మొక్కినవాళ్ళు కొబ్బరికాయ పట్టుకుని వెనక నడుస్తారు. కోడలు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా తడిబట్టలతో గుడికి నడిచి, ముంగిట్లో పొయ్యి రాజేసి కొత్త కుండలో పొంగలి పెట్టాలి. పొంగినాక పూజారి అడుగుతాడు, ఎవరి పేరున అని. ఎవరు బాగుపడాలని మొక్కారో ఆ పేరు కోడలు పైకి చెప్పాలి. చెబితేనే మొక్కు చెల్లినట్టు. ఆ గుడి ముందు నేను చాలా పేర్లు చెప్పాను. పడవ తిరగబడినప్పుడు మా ఆయన పేరు. మోకాళ్ళు వాచినప్పుడు మా అత్త పేరు. అమ్మవారు పోసినప్పుడు వినీల పేరు. నా పేరున ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ ముడుపు కట్టలేదు. ఇప్పుడు కుక్క పేరు చెప్పాలి.

మంగళవారానికి సెలవు కావాలంటే రంగనాయకులు వెంటనే ఇచ్చాడు. దేవుడి పనంటే ఆయనకు భయం. పొద్దున్నే తలారా పోసుకుని, తడి చీరతో, చంకలో కుండతో బయలుదేరాను. సంచిలో పొడి చీర పెట్టుకున్నాను. దాని కింద ఆధార్ కార్డు కూడా పెట్టాను. ఎక్కడికి పోయినా పెట్టుకుంటాను, దారిలో ఏమైనా అయితే నేను ఎవరో తెలియాలి కదా. వెనక మా అత్త, బడి మానిపించిన వినీల. దారిపొడుగునా మా అత్త జాగ్రత్తలు చెబుతూనే ఉంది. "ముత్యం అని చెప్పు చాలు. కుక్క అని చెప్పబాక, పూజారి మాల్యాద్రి నవ్వతాడు."

పొంగలి పెట్టాను. సరస్సు మీది గాలికి పొయ్యి ఆరుతుంటే చీర కుచ్చెళ్ళు అడ్డం పట్టి ఊదాను. పొగకు కళ్ళు మండాయి. కడుపులో ఏమీ లేదు, తల తేలిపోతోంది. ఏమీ తినకుండా పోవాల అన్న ఎలిశబెతు మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను ఏమీ తినలేదు. షెడ్డుకు సెలవు ఉంది. కార్డు సంచిలో ఉంది. ఇన్ని ఒక్క రోజున మళ్ళీ ఎప్పుడు కుదురుతాయి అనుకునేలోపే కుండ తూర్పు వైపుకు పొంగింది.

"ఎవరి పేరున తల్లీ?" అని అడిగాడు పూజారి మాల్యాద్రి.

"ఉష పేరున."

"ఏ ఉష?"

"నేనే అన్నా."

మాల్యాద్రి నా పేరు చెప్పి హారతి ఇచ్చాడు. మా అత్త చేతిలో కొబ్బరికాయ అట్లాగే ఉంది. "ఏందిమే, తల తిరగతా ఉందా? నీకేమొచ్చిందని?" అన్నది.

"అదే కనుక్కోవాల అత్తా. నెల్లూరు పోతా ఉండా."

"మజ్జానం అన్నం?"

"కుండెడు పొంగలి ఉంది గదా."

గుడి వెనక తడి చీర మార్చుకుంటుంటే వినీల వచ్చి నిలబడింది. నా జాకెట్టు మీది పసుపు మరక వంక చూస్తూ, "నేనూ వస్తా," అన్నది. తడ వెళ్ళి బస్సెక్కాము. నాయుడుపేట దాటకముందే మా ఆయన ఫోన్ చేశాడు. అప్పటికే మా అత్త ఎవరి ఫోన్ నుంచో చెప్పేసింది.

"కుక్క మొక్కు చెడగొట్టినావంటనే. దానికేమన్నా అయితే?"

నిజంగానే భయపడుతున్నాడు. గొంతులో తెలుస్తోంది. ఆ భయంలో నాకు ఒక ముక్కయినా దొరుకుతుందేమోనని కాసేపు విన్నాను.

"దానికేం కాదులే. దానికి చానామంది ఉండారు," అని పెట్టేశాను.

కిటికీ పక్కన వినీల ఆట తెరిచింది. కుక్కపిల్ల గీత ఎర్రగా ఉంది. కాసేపు చూసి, ఏమీ పెట్టకుండానే ఫోను సంచిలో పడేసి నా ఎడమ చెయ్యి పట్టుకుంది. నెల్లూరు ముందు వెంకటాచలం వచ్చేదాకా వదల్లేదు. నాకు భయం పోలేదు. డాక్టరు నోట వినబోయే మాటలన్నీ దారిలోనే విన్నాను, అన్నీ చెడ్డవే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ తడిమి చూసి, వేరే పరీక్షలు కూడా చేయాలి, ముందు రక్తం ఇచ్చి రమ్మని పంపింది. రక్తం తీసే చోట నర్సు, చూపుకు మా వినీల కన్నా కొంచెం పెద్దది, నా చేతికి రబ్బరు గొట్టం కట్టి అడిగింది.

"ఏమన్నా తిన్నావా అమ్మా?"

ఆ పిల్ల రక్తం తీయడానికి అడిగింది. అందరినీ అదే అడుగుతుంది. నా ముందు కూర్చున్నామెను కూడా అడిగింది, నేను విన్నాను. తినలేదు అంటే సరిపోయేది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుని, "నిన్న రాత్రి అడుగన్నం కొంచెం తిన్నానమ్మా," అని మొదలుపెట్టి, ఏం తిన్నానో, ఏం తినలేదో, అంతా చెప్పాను. ఆమె సూది చేతిలో పట్టుకుని చివరిదాకా విన్నది.