తిమ్మక్క పిడికెడు

తిమ్మక్క విత్తనం కలిసినందువల్లే ఆ ఏడు ఊరి ఉల్లి గడ్డ కట్టలేదని ఊరంతా నమ్మింది. ఎమ్మిగనూరు బస్సులో అదే మాట, ఆదోని మార్కెట్టులో అదే మాట. ఎవరు చూశారని అడిగినవారు లేరు. అందరూ అంటున్నారు గదా అన్నదే సాక్ష్యం.

ఆ మాటకు ఊతం ఒక ఆచారం. ఆ పల్లెలో ఎవరు ఉల్లి విత్తినా, కొట్లో కొన్న ప్యాకెట్టు విప్పి, అందులో తిమ్మక్క ఇంటి విత్తనం ఒక పిడికెడు కలిపి మరీ చల్లుతారు. అలా కలిపితే చేను చల్లగా ఉంటుందని పెద్దల నమ్మకం. డెబ్బై దాటిన తిమ్మక్క తన అవ్వ కాలంనాటి ఎర్ర ఉల్లిని ఏటా మంచి గడ్డలు ఎంచి, నాటి, పూయించి, విత్తనం తీస్తూ వస్తున్నది. ఆ ఏడు వానకారు పంటలో చేలన్నీ ఏపుగా ఆకు వేసి, మెడలు లావెక్కి, కింద గడ్డ లేక నిలబడ్డాయి. ఆదోనిలో విత్తనాల కొట్టు నడిపే ఈరేష్ వచ్చి చూసి ఒకే మాట అన్నాడు.

"కడివెడు పాలు ఇరిగేకి ఉప్పుగల్లు ఒకటి సాలదాన్నా? ఆ ముసిల్దాని పిడికెడే మీ సేన్లను ఇరగ్గొట్టింది."

తిమ్మక్క చేలో మాత్రం ఉల్లి గుండ్రంగా ఊరింది. అదీ ఆమె తప్పే అయింది. పూతకు వచ్చిన ఆమె విత్తనాల మడిని దున్నేస్తేనే వచ్చే కారు పంటకు కొత్త ప్యాకెట్లు ఉచితంగా ఇస్తానని ఈరేష్ షరతు పెట్టాడు.

ఈ సంగతి సుమతికి ఫోనులో తిమ్మక్కే చెప్పింది. "పాపా, మడి కాడికి ట్యాక్టరు వచ్చినాది."

సుమతి ఎమ్మిగనూరు నేతవారి పిల్ల. పరిశోధనా కేంద్రంలో ఉల్లి రకాల మధ్య జన్యు తేడాలను కొలవడం ఆమె ఉద్యోగం. ఊరూరి చేల నుంచి ఆకులు తెచ్చి, వాటి డి.ఎన్.ఎ.లో ఎంచుకున్న పన్నెండు గుర్తులను పోల్చి చూస్తుంది. ఆ గుర్తులు ఫోటోలో సన్నని పట్టీలై కనిపిస్తాయి. అంచు చూసి ఏ మగ్గం చీరో చెప్పగల తండ్రి శంకరన్న వాటిని చూసి, "ఇదీ అంచేగదే!" అని నవ్వాడు. నలభై ఊళ్ళ ఉల్లిలో తిమ్మక్క ఉల్లి అంచు మరెక్కడా కనిపించలేదు. ఉల్లి విత్తనం ఏడాది దాటితే సరిగా మొలవదు. ఎంచిన గడ్డలన్నీ ఇప్పుడు ఆ మడిలోనే ఉన్నాయి. మడి పోతే రకమే పోతుంది.

కోతనాడు ఆ ఊరి చేలో కోసిన ఆకుల ఫలితాలు అంతకుముందు రోజే తేలాయి. ఆ కాగితాలు సంచిలో కుక్కుకొని సుమతి ఆటో ఎక్కింది. ఆమె దిగేసరికి ట్రాక్టరు రెండు సాళ్ళు దున్నేసింది. తెల్లని పూగుత్తులు మట్టిలో నలిగి ఉన్నాయి, తేనెటీగలు ఇంకా వాటి మీదే ముసురుతున్నాయి. సుమతికి ఒళ్ళు మండిపోయింది. మూడో సాలుకు అడ్డంగా తిమ్మక్క కాళ్ళు బారజాపి కూర్చున్నది.

"లెయ్యక్కా, నీ మీద మాకేమన్నా పగనా?" అన్నాడు ఊరి పెద్దరైతు లక్ష్మప్ప.

"పగ ల్యాకనే ఇట్ల దున్నుతాండావు. ఉంటే నన్ను గూడా దున్నేటోనివేమోరా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. సుమతి నేరుగా పోయి ట్రాక్టరు ముందు నిలబడింది.

"మేడమ్, మీ ల్యాబు పని ఆడ సూసుకోండి. రైతుల కడుపుమంట మీకేం తెలుసు?" అన్నాడు ఈరేష్.

"మంట రైతులది. ఆ మంటకాడ సలి కాచుకుంటాండేది నువ్వు!" సుమతి పెద్దరైతు వైపు తిరిగింది. "లక్ష్మప్పన్నా, పోయినేడు అవ్వ పిడికెడు కలిపినావా?"

"కలిపినా."

"ఆ ముందేడు?"

"మా నాయన కాలం నుంచీ కలుపుతాండామమ్మా."

"అన్నేండ్లు ఇరగని పాలు ఈ ఏడే ఎందుకు ఇరిగినాయి?"

లక్ష్మప్ప తలపాగా సర్దుకున్నాడు. వెనక నుంచి ఎవరో, "ఈ ఏడు ఆమె సెయ్యి మంచిది కాదేమో," అన్నారు.

"సెయ్యి కాదు, మీ బుద్ధి! విత్తనాలు పాలు కాదు. ఏ గింజ మొక్క ఆ గింజదే. పిడికెడు గింజలు బస్తా గింజలను ఎట్ల మారుస్తాయి? అన్నా, నీ సేన్లో కొన్ని గడ్డలన్నా ఊరినాయా లేదా?"

"రెండు గంపలు ఊరినాయి."

"అవి మా ప్యాకెట్టువి," అన్నాడు ఈరేష్ చప్పున. "ముసిల్దాని పీడ తగలనివి."

సుమతి కాగితాలు లక్ష్మప్ప చేతిలో పెట్టింది. "కోతనాడు నేను ఆకులు కోసినప్పుడు వాటికి నూలు కట్టింది నువ్వే గదన్నా. గడ్డ ఊరినవాటికి ఏం కట్టినావు?"

"నీలి నూలు. ఊరనివాటికి ఎర్రది."

"విప్పని ప్యాకెట్టు ఈయన కొట్లోనే కొని మొలిపించినా. దాని పట్టీలు పైన ఉండాయి. చలికాలంలో విత్తే రకంతో సరిగ్గా కలిసినాయి. ఆ రకం వానకారులో గడ్డ కట్టదు. అవ్వ ఉల్లి పట్టీలు కింద ఉండాయి. నడుమ ఉండేవి నీ సేనివి. నువ్వే పోల్చు."

లక్ష్మప్ప వేలు పెట్టి ఒక్కో వరుసా చూసుకుంటూ పోయాడు. ఈరేష్ ఏదో అనబోతే, "నువ్వు ఉండప్పా," అన్నాడు తల ఎత్తకుండా. చివరి వరుస దాకా చూసి, డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఇంజను ఆగింది. తిమ్మక్క మాత్రం లేవలేదు. పక్కన పడిన కాడలను ఏరి ఒడిలో వేసుకుంటున్నది.

నీలి నూలు కట్టిన ఇరవై మొక్కలూ తిమ్మక్క విత్తనానివే. ఎర్ర నూలు కట్టిన అరవైలో ఆమెది ఒక్కటీ లేదు.