రోజమ్మకు చేయని పెట్టె

రైలుబండ్లు బాగుచేసే షెడ్డులో నడుస్తున్న నోరాకు, పాదాల కింద రంపపు పొట్టు తగలవలసిన చోట నీళ్లు తగులుతున్నాయి, ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయని రుచి చూడకుండానే ఆమెకు తెలుస్తోంది, షెడ్డు మొత్తం మెల్లగా ఊగుతోంది, ఇది సికింద్రాబాదా, లేక నాయినను ఐర్లండు నుంచి మోసుకొచ్చిన ఓడా అని అడుగుదామంటే చుట్టూ మనిషి లేడు. ఆ చివర నుంచి చిత్రిక పడుతున్న చప్పుడు మాత్రం వస్తోంది.

అక్కడ నాయిన, డూలన్ మేస్త్రీ, వంగి పని చేసుకుంటున్నాడు. చనిపోయిన మనిషన్న సంగతి నోరాకు గుర్తుంది, అయినా ఆయన ఇక్కడ ఉండడం వింతగా లేదు. తెల్లవాడైనా ఆయనను దొర అని ఎవరూ పిలవలేదు, మేస్త్రీ అనే అనేవారు. ఆరోగ్యమ్మను చర్చి గుళ్లో పెళ్లాడి, వర్క్‌షాపులో నేర్చిన తెలుగునే ఇంట్లోనూ మాట్లాడి, సాయంత్రమైతే భార్యనూ ఇద్దరు ఆడపిల్లలనూ పక్కన మోకరింపజేసుకుని జపమాల చెప్పించిన మనిషి. గుడిలో బలిపీఠం ఆయన చెక్కిందే. పేటలో విశ్వాసులు ఎవరు పోయినా శవపెట్టె ఆయనే చేసేవాడు, ఎవరికీ కనబడని లోపలి వైపు కూడా నున్నగా చిత్రిక పట్టేవాడు, పడుకునేది లోపలే గదా అనేవాడు.

"ఎవరికి నాయినా ఇది?"

"రోజమ్మకు."

ఆ పేరు ఆయన నోట విని ఎంతకాలమైందో నోరాకు లెక్క తెలియదు. రోజమ్మ ఆమె చెల్లెలు. అదే వర్క్‌షాపులో ఫిట్టరు పని చేసే హిందువు సుదర్శనాన్ని, గుడి ఒప్పుకోలేదని, రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. తొలికాన్పులో బిడ్డతో సహా పోయింది. ఆ రోజు సుదర్శనం వాకిట్లో నిలబడి, "మామా, నన్ను ఇంట్లకు రానియ్యకు. పెట్టె ఒక్కటి నీ చేతుల చెయ్యి" అన్నాడు. మేస్త్రీ ఉలికి సాన పడుతూనే ఉన్నాడు. తల ఎత్తకుండా, "గుడి కాదన్నదానికి నా చెయ్యి లేవదు" అన్నాడు. సామాన్లొచ్చిన పాత పెట్టెలు పగలగొట్టి, ఆ చెక్కలకే మేకులు కొట్టి పెట్టె చేసి, అందులో ఆమెను శ్మశానం గోడ అవతలికి మోసుకెళ్లారు. పక్క చెక్క మీద ‘పగిలే సామాను’ అని నల్లరంగు అక్షరాలు అలాగే ఉన్నాయి. అమ్మ వాటిని కొంగుతో తుడవబోయింది, పోలేదు. ఆ తర్వాత ఆమె జపమాలకు కూర్చుంది గానీ పెదవులు కదపలేదు, చచ్చేదాకా కదపలేదు.

"అప్పుడు చెయ్యకపోతివి. ఇప్పుడెందుకు?"

"పని లేదు బిడ్డా అక్కడ. చేతులు ఊకుంటలేవు."

షెడ్డు ఇప్పుడు గుడిలా ఉంది, బల్లలన్నీ ఖాళీ, కిటికీల అవతల సముద్రం నెమ్మదిగా వెనక్కి జరుగుతోంది, నోరా ముందు బల్ల మీద కూర్చుని, చిన్నప్పటిలాగే కాళ్లు నేలకు అందక వేలాడుతుంటే అడుగుతుంది:

"చెల్లె కనవడ్డదా నీకు?"

ఆయన చిత్రిక పట్టడం ఆపడు. "ఉన్నది. మీ అమ్మ కాడనే ఉన్నది. గుడి చెప్పిన తీరుగైతే ఆమె ఆడ ఉండొద్దు. కానీ ఉన్నది. పోయి తలుపు కొట్టిన. మీ అమ్మ వచ్చింది. నా బిడ్డ పండుకున్నది, పో అన్నది."

"మళ్ల పోలేదా?"

"పోయిన. అట్లనే అన్నది." చిత్రిక పడుతూనే, తనలో తాను అనుకుంటున్నట్టు, "నేనేం తప్పు చేసిన నోరా? గుడి మాట దాటలేదు. తాగలేదు. మిమ్ముల పస్తుంచలేదు" అంటాడు.

"గుడి పెండ్లి వద్దన్నది నాయినా. గోడ లోపట జాగ ఇయ్యనన్నది. పెట్టె చెయ్యొద్దని ఫాదరు ఎన్నడన్నడు?"

చిత్రిక ఆగుతుంది. ఆయన కళ్లు, నీలం వెలిసిపోయిన కళ్లు, చెక్క మీదనే ఉంటాయి.

"అది నేను అడగలే" అంటాడు.

నీళ్లు మళ్లీ పాదాలదాకా వస్తాయి. ఆయన పెట్టె ఒక కొస ఎత్తి పట్టుకుని, "ఆ కొస పట్టు. ఇద్దరం తీస్కపోదాం. నువ్వుంటే మీ అమ్మ తలుపు తీస్తది" అంటాడు. నోరా వంగి చూస్తుంది. లోపలి వైపు అద్దంలా నున్నగా ఉంది, కానీ పెట్టె ఉయ్యాల తొట్టంత కూడా లేదు.

"ఇందుల చెల్లె పట్టదు నాయినా."

"నాకు తెలిసిన రోజమ్మ ఇంతనే."

పట్టుకొమ్మని ఆయన మళ్లీ అంటాడు, ఈసారి బతిమాలుతున్నాడు, బతికుండగా ఎవరినీ బతిమాలని మనిషి, నోరాకు జాలి వస్తుంది, చేతులు మాత్రం ముందుకు రావు.

"నువ్వే మోసుకపో" అంటుంది.

ఆయన పెట్టెను భుజానికెత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, నీళ్లలోకి దిగి నడుస్తాడు.

నోరా కళ్లు తెరిచేసరికి ఇంకా మధ్యాహ్నమే, వసారాలో ఎండ కుర్చీ కాళ్లదాకా వచ్చింది. నిద్రలో రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నట్టుంది, వేళ్లన్నీ తిమ్మిరెక్కి ఉన్నాయి. స్టూలు మీది నీళ్ల గ్లాసు అందుకోబోయింది గానీ, పట్టు చిక్కలేదు.