అల్లప్పచ్చడి మరక

అంపైరు చొక్కా మీద అల్లప్పచ్చడి మరక చిన్నదే, శనగబద్దంత. కానీ లోకానికి కళ్ళెక్కువ కదండీ! ఆ ఆదివారం తాడేపల్లిగూడెంలో బాలికల బేస్‌బాల్ ఫైనల్ చూడవచ్చిన కొల్లేటి లంకల జనం ఆట కంటే ముందు ఆ మరకనే చూశారు.

నాగూర్ ఏలూరులో తివాచీలు నేస్తాడు. సెలవు రోజుల్లో ఆట మీద ఇష్టంతో అంపైరుగా నిలబడతాడు. తీర్పు దగ్గర నిప్పులాంటివాడు. అలవాట్లలో మాత్రం మెతక, ఎవరు పిలిచినా కాదనలేడు. ఆ పొద్దున రైలు దిగగానే కిరాణా వర్తకుడు కృష్ణమూర్తి ఎదురొచ్చాడు. గూడెం జట్టులో బంతి విసిరే హర్షిత ఆయన మనవరాలే.

"ఏవండీ, ఖాళీ కడుపుతో గ్రౌండుకెళతారా? మా ఇంట్లో రెండు పెసరట్లు తినెళ్ళండి."

మన గోదావరి మర్యాద మీకు తెలియనిదా! వద్దంటే అలుగుతారు. నాగూర్ తిన్నాడు, అల్లప్పచ్చడి కాస్త చొక్కా మీద పడింది కూడా. ఆయన బండి మీదే మైదానానికి వచ్చాడు. విరామంలో ఆయన తెచ్చిన మజ్జిగ తాగి, భుజం తట్టించుకుని నవ్వాడు. లంకల జట్టు కోచ్ వీరదుర్గ అన్నీ చూస్తూనే ఉంది.

ఆఖరి ఘట్టం. గెలిచినవాళ్ళే రాష్ట్రస్థాయికి వెళతారు. లంకల జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. చేపల చెరువు కాపలాదారు కూతురు మెర్సీ పరుగెత్తుకొచ్చి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ మీదికి జారింది. కాలు ప్లేటుకు తగిలేలోపే, అక్కడికి ఉరికొచ్చిన హర్షిత బంతి ఉన్న గ్లవ్‌తో ఆమె మోకాలిని తాకింది. నాగూర్ కళ్ళారా చూశాడు.

"అవుట్!" అన్నాడు. దాంతో ఆట ముగిసి గూడెం జట్టు గెలిచింది.

మైదానం భగ్గుమంది.

"పెసరట్టు అరక్కముందే రుణం తీర్చేసుకున్నారాండీ?" అంది వీరదుర్గ.

"అమ్మా, నేను చూసిందే చెప్పాను."

"చూశారు లెండి. మేమూ చూస్తున్నాం, పొద్దుటినుంచీ."

మెర్సీ మోకాలి దుమ్ము దులుపుకుంటూ లేచింది. "మేడమ్, నేను అవుటేనండి. గ్లవ్ ముందే తగిలింది."

అంతలో వెనకనుంచి ఎవరో, ఆమె ఊరివాళ్ళే, "నీకూ పెట్టారా పెసరట్టు?" అన్నారు. కొందరు నవ్వారు. మెర్సీ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. గెలిచిన హర్షిత కూడా తలెత్తలేకపోయింది.

తనను దొంగ అన్నా నాగూర్ ఓర్చుకునేవాడేమో. నిజం చెప్పిన పిల్లకు నింద అంటితే ఓర్చుకోలేకపోయాడు. మాస్కు తీసి, జనం ముందు చేతులు జోడించాడు.

"తీర్పు తప్పు కాదండీ, దాన్ని మార్చను. తప్పంతా నా పొద్దుటి టిఫినుది. తాటిచెట్టు కింద పాలు తాగి, కల్లు కాదని ఒట్టేస్తే ఎవరు నమ్ముతారు? నన్ను ఏమన్నా అనండి. ఈ అమ్మాయిని మాత్రం అనకండి."

వీరదుర్గ మెర్సీని దగ్గరకు తీసుకుంది. నాగూర్ వైపు మాత్రం చూడలేదు. అనుమానం అంత తొందరగా పోదు మరి.

మరుసటి ఆదివారం తణుకులో మ్యాచ్. బస్సు దిగిన నాగూర్ చేతిలో ఇంటి టిఫిన్ డబ్బా, మంచినీళ్ళ సీసా ఉన్నాయి. ఎవరో టీ ఇవ్వబోయారు. "ఆట అయ్యాక తాగుతానండి, రెండు జట్లతోనూ కలిసి" అని మైదానంలోకి నడిచాడు.

తీర్పు చెప్పే పెద్దలందరికీ ఒక్క మాట: మీ చొక్కా మీద మరక పడితే, దాని నింద మోసేది నిజం చెప్పిన పిల్లలే.