ఖడ్కేల ఇంటి భోజనం

మా అక్క భర్త త్ర్యంబకరావు లిమయే చరిత్రకారుడు. ఒక కోట ముట్టడి ఏ రోజున మొదలైందో తేల్చడానికి పదకొండేళ్లు ఊరూరా తిరిగి పాత కాగితాలు వెతికాడు. ఆ ముట్టడి మీదే నవల రాస్తూ, శత్రువుకు దిడ్డి తలుపు తీసిన ద్రోహికి మాత్రం సాతారా బస్సులోంచి కనబడిన బట్టల దుకాణం బోర్డు చూసి యేసాజీ ఖడ్కే అని పేరు పెట్టేశాడు.

ఆ కోట కింది ఊళ్లో ఖడ్కేలు నలభై గడపలున్నారు. నవల వచ్చిన ఏడాదే బాళాసాహెబ్ ఖడ్కే కొడుక్కి కుదిరిన సంబంధం ద్రోహి వంశమని తప్పిపోయింది. ఆ సంగతి తెలిసి బావగారికి ముద్ద దిగలేదు. నన్ను వెంటబెట్టుకుని పిల్ల తండ్రి జోతిబా పాటీల్ ఇంటికి వెళ్లాడు.

"పాటీల్, ఆ ద్రోహి నా కల్పన. అలాంటి మనిషి పుట్టనే లేదు."

"మీది పెద్ద మనసు రావుసాహెబ్. పెళ్లి నిలబెట్టాలని ఇంతదూరం వచ్చి అబద్ధమాడుతున్నారు."

"అబద్ధం పుస్తకంలో ఆడానయ్యా!"

"తలుపు తీసేముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకున్నాడని రాశారు. అదీ కల్పనేనా?"

"అదీ కల్పనే."

లోపలినుంచి పాటీల్ భార్య అంది: "పదకొండేళ్లు వెతికినాయన చెప్పుల దగ్గర బద్ధకించాడంటే మేం నమ్మాలా?"

నేను బావగారి చెవిలో చెప్పాను. "ఖడ్కే మంచివాడేనని పాత కాగితం దొరికిందనండి, సరిపోతుంది."

"దొంగ కాగితమా? గణ్యా, దానికంటే నన్ను కోట మీంచి తోసెయ్."

చివరికి పాటీలే దారి చెప్పాడు. "మా ఊళ్లో ద్రోహి ఇంటి ఉప్పు ఎవరూ ముట్టరు. మీరు వాళ్లింట్లో కడుపునిండా తినండి. అప్పుడు నమ్ముతాను."

ఊరంతా ఖడ్కేల వసారా ముందు చేరింది. బాళాసాహెబ్ భార్య జొన్నరొట్టె మీద పచ్చిమిరపకాయలు దంచిన ఠేచా ముద్ద పెట్టింది. మా వైపు ఎర్రగా చూస్తూ, "మా ముత్తాతను తిట్టిన నోరు కదా, ఇది తిననివ్వండి" అంది.

మొదటి ముద్దకే బావగారి చెవులు కందిపోయాయి. పాటీల్ ఎదురుగా కూర్చున్నాడు, వదలడానికి లేదు. రెండో రొట్టెకు కళ్లు ధారలు కట్టాయి. మాట రాక, నీళ్లిమ్మని రెండు చేతులూ జోడించాడు.

పాటీల్ చటుక్కున లేచాడు. అతని కళ్లూ తడిగానే ఉన్నాయి.

"చూశారా! లేనిపోని నింద వేసినందుకు ఏడ్చి దండం పెడుతున్నాడు. చాలు రావుసాహెబ్, చాలు! బాళాసాహెబ్, నా పిల్ల నీ ఇంటిదే!"

అక్కడికక్కడే చక్కెర పంచారు. "కాదు... మిర... మిర..." అని బావగారు ఏదో చెప్పబోయాడు. నేను గుప్పెడు చక్కెర ఆయన నోట్లో కుక్కాను.

తిరుగు బస్సులో ఆయన అన్నాడు. "నిజం చెప్తే ఒక్కడూ నమ్మలేదురా."

"నమ్మలేదు బావగారూ. నీళ్లు తాగండి."

నేను ఏకాదశి తప్పనివాణ్ణి, ఏటా పండరికి నడిచి వెళ్లేవాణ్ణి. ఆ గుప్పెడు చక్కెర పాపమో పుణ్యమో అక్కడి దేవుడు విఠోబాను అడుగుతూనే ఉన్నాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.